ముట్టు, పనిముట్టు

ఇంటర్ బైపీసీ అయిపోయిన పిల్లలు ఈ నడుమ నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నరు. "సార్, ఓటీ టెక్నీషియన్ చేయాల్నా, జీఎన్ఎం చేయాల్నా?" నేను తెలుగు పాఠం చెప్పుకునేటోన్ని. అయినా నన్నే ఎందుకు అడుగుతున్నరంటే, మా చెల్లె ఓటీ టెక్నీషియన్ అని వాళ్ళకు తెలుసు. ఒక్కొక్కళ్ళకు విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే పదిమందికి పనికొస్తదనిపించింది. మన పిల్లలు చేస్తున్న కొలువుల మీద రాస్తున్న ఈ వరుసలో ఇది తొమ్మిదో భాగం. కొంచెం పొడుగే. తీరిక చేసుకొని చదవండి, మీ ఊర్లో బైపీసీ చదివే పిల్లలకు పంపండి.

అశోక్‌నగర్ అంటే బయటోళ్ళకు గ్రూప్-1, గ్రూప్-2 గుర్తొస్తయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, కోచింగ్ సెంటర్ల బోర్డులు, 2024 అక్టోబర్‌లో జీవో 29 మీద రోడ్డెక్కిన అభ్యర్థులు, ఇవన్నీ టీవీల్లో చూసిన్రు. టీవీల్లో రానిది ఒకటున్నది. అవే హాస్టళ్ళల్లో, అవే ఇరుకు గదుల్లో నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు చదివే ఆడపిల్లలున్నరు. పొద్దంతా చిక్కడపల్లి, నారాయణగూడ నర్సింగ్ హోముల్లో డ్యూటీ, రాత్రి పుస్తకం. మా చెల్లె గది అట్లాంటిదే. ఇద్దరుంటరు. చెల్లె టెక్నీషియన్, ఆమె దోస్తు జీఎన్ఎం చేసిన స్టాఫ్ నర్సు. ఇద్దరూ ఒకే థియేటర్‌లో పనిచేస్తరు. పేర్లు రాయను. ఆ కొలువుల మీద రెండు కుటుంబాలు బతుకుతున్నయి.

ఆ గది దొరికేదాకా టూలెట్ బోర్డున్న ఇల్లిల్లూ తిరిగినం. హాస్పిటల్‌లో పని అంటే "మంచిది, జరమొస్తే సూది వేస్తరు" అని నవ్విన్రు. ఆ వెనకనే "మీరేమిటోళ్ళు?" అన్నరు. సూది వేసే చెయ్యి కావాలె, ఆ చెయ్యి ఎవరిదో తెలిసినంక గది ఖాళీ లేదు. ఈ పొస్టంతా ఆ చెయ్యి గురించే.

ముందు పని సంగతి చెప్త. సినిమాల్లో ఆపరేషన్ థియేటర్ అంటే తలుపు మీద ఎర్రలైటు, లోపల ఒక డాక్టరు, ఆయన నుదుటి చెమట తుడిచే ఒక నర్సు. అసలు థియేటర్‌లో చిన్న ఆపరేషన్‌కైనా ఆరేడుగురుంటరు. సర్జన్, ఆయన అసిస్టెంట్, మత్తు డాక్టరు, ఈ ముగ్గురి సంగతి లోకానికి తెలుసు. మిగిలినోళ్ళ సంగతే మనకు కావాల్సింది.

స్క్రబ్ నర్సు అంటే చేతులు మోచేతుల దాకా కడుక్కొని, గౌను, గ్లవుజులు వేసుకొని టేబుల్ కాడ నిలబడేది. పనిముట్ల ట్రాలీ ఆమె అధీనంలో ఉంటది. ఏ దశలో ఏ కత్తి, ఏ క్లాంపు, ఏ దారం కావాల్నో ఆమెకు తెలిసుండాలె. "సర్జన్ అడిగినంక ఇచ్చేది కొత్త నర్సు, అడగకముందే అందించేది పాత నర్సు" అంటది చెల్లె దోస్తు. సర్క్యులేటింగ్ నర్సు గ్లవుజులు లేని వైపు తిరుగుతది. ప్యాకెట్లు విప్పి లోపలి వస్తువు తనకు తగలకుండా ట్రాలీ మీద పడేటట్టు ఇస్తది. రక్తం సంచి మీది గ్రూపు, నంబరు సరిచూస్తది. కోసి తీసిన గడ్డను ఫార్మలిన్ డబ్బాలో వేసి పేషెంటు పేరు రాస్తది. ఆ పేరు తారుమారైతే ఒకరి కాన్సర్ రిపోర్టు ఇంకొకరికి పోతది.

ఇగ టెక్నీషియన్. మొదటి కేసు ఎనిమిదిన్నరకు ఉంటే మా చెల్లె ఏడింటికే థియేటర్‌లో ఉంటది. ఆక్సిజన్ వస్తున్నదా, పక్కన నిండు సిలిండర్ ఉన్నదా, మత్తు మిషన్‌లో ఎక్కడన్న గాలి కారుతున్నదా, సక్షన్ గుంజుతున్నదా, మానిటర్ పనిచేస్తున్నదా, గొంతులో వేసే ట్యూబులు పేషెంటు వయసుకు తగ్గ సైజులో ఉన్నయా, లారింగోస్కోప్ బల్బు వెలుగుతున్నదా, అన్నీ చూస్తది. ఇంత చిన్న బల్బుకు అంత పట్టింపా అని ఒకసారి అడిగిన. "మత్తు, కండరాలు సడలే మందు ఇచ్చినంక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు అన్నా. మన చేతుల ఉండేటివి కొన్ని నిమిషాలే. అప్పుడు బల్బు కోసం అల్మారా వెతుకుతవా?" అన్నది.

పనిముట్లను కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ఆటోక్లేవ్‌లో పెట్టేది కూడా చిన్న ఆసుపత్రుల్లో వీళ్ళే. 121 డిగ్రీల వేడి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడితో ఆవిరి. ప్యాకెట్ మీది టేపు గీతలు నల్లగైతే ఆవిరి బయట తగిలినట్టు మాత్రమే. లోపలిదాకా పోయిందా లేదా తెలుసుకోవడానికి లోపల ఇంకో కాగితం పెడతరు. బయట నల్లగైందని నమ్మి లోపల చూడనోళ్ళు థియేటర్‌కు పనికిరారు.

అన్నిటికంటే పెద్ద పని లెక్క. కోత పెట్టకముందు గాజుగుడ్డలు, మాపులు, సూదులు ఎన్నో ఇద్దరు కలిసి పైకి లెక్కపెడతరు, బోర్డు మీద రాస్తరు. కుట్లు వేయబోయే ముందు మళ్ళీ, చర్మం మూసేటప్పుడు మళ్ళీ. ఒకటి తక్కువొచ్చిందంటే అది కడుపులో ఉన్నట్టే అనుకోవాలె. దొరకకపోతే ఎక్స్‌రే తీయాలె. అందుకనే మాపుల్లో ఎక్స్‌రేకు కనబడే దారం ఉంటది. ఒకరోజు చెల్లె దోస్తు లెక్కలో ఒక మాపు తక్కువొచ్చింది. సర్జన్ తొందర మీదున్నడు, బయట ఇంకో ఇద్దరు పేషెంట్లు ఎదురుచూస్తున్నరు. "బకెట్‌లో పడుంటది, చూడు, నీడిల్ హోల్డర్ ఇయ్యి" అన్నడు. ఆమె ఇయ్యలేదు. "బకెట్ చూసినం సార్, లేదు. లెక్క కుదరలే" అన్నది. రెండుమూడు నిమిషాలు ఎవ్వరూ మాట్లాడలే. ఆ మాపు లివర్ కింది నుంచి బయటకొచ్చింది. మహబూబాబాద్ దిక్కు కూలిచేసుకునే తల్లి బిడ్డ, ఇరవై నాలుగేండ్ల పిల్ల, పెద్ద సర్జన్ చేయిని ఆపింది. ఆ చేయిని ఆపే అధికారం ఆమెకు చదువు ఇచ్చింది. ఈ మాట మన పిల్లలకు ముందుగాల చెప్పాలె. ఇది సహాయకుల పని కాదు, బాధ్యత ఉన్న పని.

ఆ చదువు రెండు తొవ్వల్లో వస్తది. నర్సింగ్ తొవ్వలో జీఎన్ఎం మూడేండ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు. దీని వెనక 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం ఉన్నది, రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉన్నది. నర్సయినంక ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా కూడా ఉన్నది. టెక్నీషియన్ తొవ్వలో పారామెడికల్ బోర్డు డిప్లొమాలు రెండేండ్లు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీలో బీఎస్సీ కూడా ఉన్నది. అమెరికాలో ఈ టెక్నీషియన్లను సర్జికల్ టెక్నాలజిస్టులంటరు. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు చాలక సైన్యం మగపిల్లలకు థియేటర్ పని నేర్పింది, అక్కడి నుంచి ఆ వృత్తి పెరిగింది, 1969లో వాళ్ళకొక సంఘం ఏర్పడ్డది. మన దేశంలో ఓటీ టెక్నీషియన్లను, అనస్థీషియా టెక్నీషియన్లను గుర్తించే జాతీయ చట్టం 2021లో గాని రాలేదు. నర్సుకు 1947, టెక్నీషియన్‌కు 2021. ఒకే టేబుల్‌కు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డ ఇద్దరి నడుమ డెబ్భై నాలుగేండ్ల దూరం.

ఆ దూరం జీతంలో కనబడతది. 2016లో నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పినంక కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గొద్దని, రెండు వందల పడకలు దాటితే సర్కారు జీతంతో సమానంగా ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు ఎట్లున్నదో నారాయణగూడలో ఏ నర్సును అడిగినా చెప్తది. కానీ కనీసం చూపించుకోవడానికి ఒక కాగితమున్నది. ఆ కాగితంలో టెక్నీషియన్ లేడు.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి ఒకసారి రండి. తెలుగులో ముట్టు అంటే తాకడం. ముట్టు అంటే నెలసరి. ముట్టు అంటే సాధనం కూడా, పనిముట్టు అన్న మాటలో ఉన్నది అదే. అట్లనే అంటు. అంటువ్యాధిలో ఉన్నది అదే, అంటరానితనంలో ఉన్నది అదే, మామిడికి అంటు కట్టేటప్పుడు ఉన్నది అదే. తాకడం, పని, మైల, రోగం, కొత్త మొక్క పుట్టుక, అన్నీ రెండు చిన్న మాటల్లో ఇమిడి ఉన్నయి. డాక్టరేట్ చేసిన ఇన్నేండ్లలో నేను ఈ మాటలను నిఘంటువుల్లో చూసిన. వాటి అసలు అర్థం మాత్రం మా నాయినమ్మ చేతుల్లో చూసిన.

మా నాయినమ్మ మంత్రసాని. సూర్యాపేట దిక్కు మా ఊర్లో ఒక తరం పిల్లలంతా ఆమె చేతుల్లో పడ్డోళ్ళే. దొరల ఇంట్లో నొప్పులొస్తే అర్ధరాత్రి మాదిగవాడకు మనిషొచ్చేటోడు. ఆమె లోపలి అర్ర దాకా పోయేది. బిడ్డను పట్టేది, బొడ్డు కోసేది, మాయ పూడ్చేది. ఆ ఇంటి బిడ్డను లోకంలో మొదట ముట్టింది ఆమెనే. తెల్లారి ఇల్లు కడిగి, నీళ్ళు చల్లి శుద్ధి చేసుకునేటోళ్ళు. శుద్ధి అయినంక ఆమె మళ్ళీ వాకిట్లకే. కూలి ధాన్యం కొంగులో పైనుంచి పోసేటోళ్ళు. ఆ బిడ్డ పెరిగి పెద్దోడై ఆమెను పేరు పెట్టి పిలిచేటోడు. ఇది నాకు ఎవరో చెప్పిన కథ కాదు. ఆమె కొంగు పట్టుకొని ఆ వాకిట్లో నిలబడ్డోన్ని నేను.

ఆమె మనవరాలు థియేటర్‌లో చేరింది. గురుకులంలో చదివింది, ఇంటర్ బైపీసీ చేసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు, డిప్లొమా చేసింది. చిక్కడపల్లి, నారాయణగూడ నడుమ ఒక చిన్న నర్సింగ్ హోములో కొలువు. ఏప్రిల్ 14న వాట్సాప్ స్టేటస్‌లో బాబాసాహెబ్ ఫోటో పెట్టింది. అప్పటిదాకా ఇంటిపేరు అడిగి, ఊరడిగి, నాయిన ఏం చేస్తడని అడిగి తేల్చుకోలేనోళ్ళకు ఆ రోజు తెలిసిపోయింది. పనిలో ఏం తేడా రాలే. తేడా దసరాకు వచ్చింది.

దసరాకు ఆయుధపూజ చేసినట్టు చాలా ఆసుపత్రుల్లో ఓటీ పనిముట్లకూ పూజ చేస్తరు. కత్తెరలు, క్లాంపులు, రిట్రాక్టర్లు ట్రేలో పేర్చి పసుపు కుంకుమ పెడతరు, కొబ్బరికాయ కొడతరు. ఆ ట్రేలు సర్దడానికి చెల్లె చేయి చాపింది. అక్కడి మేనేజరు, "ఇయ్యాల నువ్వు పక్కకుండమ్మా, పూజ సామాను వేరేవాళ్ళు సర్దుతరు" అన్నడు. మెల్లగనే అన్నడు, మర్యాదగనే అన్నడు. ఏడాది పొడుగునా రక్తం, చీము అంటిన ఆ కత్తెరలను బ్రష్షుతో రుద్ది కడిగింది ఆమెనే. పూజకు మాత్రం అవి ఆమె ముట్టరానివైనయి.

తెల్లారి ఏడింటికి చెల్లె థియేటర్‌కు పోయేసరికి కత్తెరల నడిమి కీళ్ళల్లో కుంకుమ, పసుపు ఇరుక్కొని ఉన్నది. అన్నీ మళ్ళీ నీళ్ళల్లో వేసి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టింది. "ఏడ్చినవా?" అని అడిగిన ఫోన్‌లో. "టైం యాడున్నది అన్నా, ఎనిమిదిన్నరకు సిజేరియన్ ఉండె" అన్నది.

దోస్తులారా, రెండు రకాల శుద్ధి గురించి ఇంతకంటే మంచి పాఠం నేను ఏ క్లాసులోనూ చెప్పలేను. థియేటర్‌కు ఒక శుద్ధి ఉన్నది. అది పుట్టుకతో రాదు. ప్రతి కేసుకు ముందు మూడు నుంచి అయిదు నిమిషాలు చేతులు కడిగితే వస్తది. గ్లవుజు అంచు టేబుల్ కిందికి తగిలితే పోతది. పోయినోళ్ళు సిగ్గుపడాల్సిన పని లేదు, గ్లవుజు మార్చుకుంటే మళ్ళీ వస్తది. సర్జన్‌కైనా, నర్సుకైనా, టెక్నీషియన్‌కైనా ఒకటే నియమం. పెద్ద సర్జన్ ముక్కు గోక్కుంటే చిన్న నర్సు "సార్, మీరు అన్‌స్టెరైల్ అయిన్రు" అనొచ్చు, ఆయన పోయి కడుక్కోవాలె. ఇంకో శుద్ధి ఊరిది. అది ఎన్ని నిమిషాలు కడిగినా రాదు, పుట్టినోళ్ళకు పోదు. ఎన్ని కేసులు చేసినా మా చెల్లెకు రాలేదు. మొదటి శుద్ధి పేషెంటును కాపాడుతది. రెండోది ఎవరిని కాపాడుతదో మీకు తెలుసు.

చరిత్రలోకి పోయినా ఇదే కథ. మన దగ్గర నర్సింగ్ చదువును ముందుగా నిలబెట్టినోళ్ళలో మిషన్ ఆసుపత్రులున్నయి. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు 1883లో గుంటూరుకు వచ్చింది, 1898లో అక్కడ ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. పరాయి మనిషి చీమునెత్తురు ముట్టే పనికి పై కులాల ఇండ్ల నుంచి ఆడపిల్లలను పంపేటోళ్ళు కాదు. మిషన్ బళ్ళల్లో అక్షరం నేర్చుకున్న దళిత క్రైస్తవ ఆడబిడ్డలు ఆ పనికి ముందుకొచ్చిన్రు. 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం ఈ దేశంలో 43 వేల మందికి ఒక నర్సు. అంత కరువుకు పేదరికం ఒక్కటే కారణం కాదు, ముట్టుకోవడానికి మనసొప్పని సంస్కృతి కూడా కారణం. ఇయ్యాల నర్సింగ్ గౌరవమైన పనయ్యిందంటే, దాన్ని గౌరవంగా చేసి చూపించినోళ్ళు ఎవరో మరువొద్దు.

మన నగరానికి ఇంకో చరిత్ర ఉన్నది. 1888, 1889లో క్లోరోఫాం మత్తు ఎంత భద్రమో తేల్చడానికి ఇక్కడ రెండు కమిషన్లు పనిచేసినయి. ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ నడిపించిండు, ఆరో నిజాం ఖర్చు పెట్టుకున్నడు. ప్రపంచ వైద్య చరిత్రలో హైదరాబాద్ పేరు అట్ల ఎక్కింది. ఆ రోజుల్లోనే ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టరుగా పేరు తెచ్చుకున్నది. ఆమె పేరు కూడా ఈ మధ్యనే గట్టిగా వినబడుతున్నది. ఇగ ఆ టేబుల్ తుడిచినోళ్ళు, సీసాలు అందించినోళ్ళు, పేషెంటు కాళ్ళు పట్టుకున్నోళ్ళు ఎవరో చరిత్ర పుస్తకాలు చెప్పవు.

పేరు లేకుండా పోవడం మన ఒక్కళ్ళ కథ కాదు. వివియన్ థామస్ అనే నల్లజాతి యువకుడు, 1910లో పుట్టినోడు, వడ్రంగి పనిచేసి డాక్టరు చదువుకు పైసలు కూడబెట్టిండు. మహామాంద్యంలో బ్యాంకు మునిగి ఆ పైసలు పోయినయి. 1930లో ఆల్‌ఫ్రెడ్ బ్లలాక్ అనే సర్జన్ లాబ్‌లో సహాయకుడిగా చేరిండు. కుక్కల మీద సర్జరీలు చేసి కొత్త పద్ధతులు తేల్చింది ఆయన చేతులే. రిజిస్టర్‌లో మాత్రం ఊడ్చేటోని హోదా, ఊడ్చేటోని జీతం. 1944 నవంబర్ 29న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, గుండె లోపంతో నీలంగా మారిన పదిహేను నెలల పాపకు ఆపరేషన్ చేసిన్రు. ఆ ఆపరేషన్‌ను లాబ్‌లో పదేపదే చేసి చూసింది థామస్. అందుకే బ్లలాక్ ఆయనను తన వెనక స్టూల్ మీద నిలబెట్టుకొని, అడుగడుగునా అడుగుతూ ఆపరేషన్ చేసిండు. ప్రపంచమంతా బ్లలాక్, టాసిగ్ పేర్లు వినబడ్డయి. 1945లో అచ్చయిన వ్యాసంలో థామస్ పేరు లేదు. 1971లో ఆయన చిత్రపటం హాప్‌కిన్స్‌లో పెట్టిన్రు, 1976లో గౌరవ డాక్టరేట్ ఇచ్చిన్రు. ముప్ఫై ఏండ్లు సర్జన్లకు చేతిపని నేర్పినంక వచ్చిన గౌరవమది. ఆ స్టూల్ మీద నిలబడ్డ మనిషిని నేను మా చెల్లె పక్కన నిలబెట్టి చూస్త. ఎవరి చెయ్యి, ఎవరి పేరు అన్న ప్రశ్న మిసిసిప్పీకి, మూసీకి ఒకటే.

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రమే ఒక జవాబు ఇచ్చింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీకి ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. ఒకే పేజీ. మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంటు థియేటర్ దాటకముందు, మూడుసార్లు ఆగి పైకి చదవాలె. కోతకు ముందు చేయాల్సిన మొదటి పని ఏందో తెలుసా? అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలె. సర్జన్ చెప్పాలె, టెక్నీషియన్ చెప్పాలె. ఎందుకంటే పేరు చెప్పి నోరు తెరిచిన మనిషి, తర్వాత తప్పు కనబడితే కూడా నోరు తెరుస్తడు. ఎనిమిది నగరాల్లో ఈ చెక్‌లిస్టును పరీక్షించిన్రు, అందులో ఢిల్లీ ఒకటి. 2009లో ఫలితాలు అచ్చయినయి. పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినయి. పేర్లు చెప్పుకోవడం ఒక్కదానితోనే తగ్గలేదు, సరైన టైంకు యాంటీబయాటిక్, ఆక్సిజన్ మానిటర్, లెక్క, అన్నీ కలిసి తగ్గించినయి. కానీ వీటన్నిటినీ చూసుకునేది ఎవరు? టేబుల్ చుట్టూ పేర్లు లేకుండా తిరిగేటోళ్ళే.

మా చెల్లెను ఆ థియేటర్‌లో ఏమని పిలుస్తరని అడిగిన. "అమ్మాయ్ అంటరు. కొత్త సార్ వస్తే టెక్నీషియన్ అంటడు" అన్నది. చెక్‌లిస్టు ఫారం ఉన్నదట, కేసు అయినంక ఒకేసారి టిక్కులు పెడతరట. మన సమాజంలో పేరు అడిగేది ఇంటిపేరు కోసం, ఇంటిపేరు అడిగేది కులం కోసం. పని కోసం పేరు అడిగే చోటు ఈ ఒక్కటన్న ఉండాలె.

ఇగ పిల్లల ప్రశ్నకు వస్త. నర్సింగా, టెక్నీషియనా? సర్కారు కొలువు మీద ఆశ ఉంటే నర్సింగ్‌లో తొవ్వలు ఎక్కువ. 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో ఒకేరోజు దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చిన్రు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఇంకో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారు ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు. టెక్నీషియన్‌కు ప్రైవేటులో పని తొందరగా దొరుకుతది, రెండేండ్లలో ఇంటికి జీతం పంపొచ్చు. ఏది తీసుకున్నా కొన్ని సంగతులు అడిగి చేరండి.

కాలేజీకి బోర్డు గుర్తింపు, లేదంటే యూనివర్సిటీ గుర్తింపు ఉన్నదా? ఉన్నదని వాళ్ళు చెప్తే సరిపోదు, మీరే జాబితాలో చూడండి. కాలేజీకి ఏ ఆసుపత్రి ఉన్నది, అందులో థియేటర్లు ఎన్ని, రోజుకు కేసులెన్ని? కేసులు లేని ఆసుపత్రిలో రెండేండ్లు కూర్చుంటే బెంచీలు తుడవడం తప్ప ఏమీ రాదు. కొలువులో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇయ్యకండి, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి తెచ్చుకోండి. బాండు మీద సంతకం పెట్టేముందు చదవండి, చదవడం కష్టమైతే నాకు పంపండి. థియేటర్‌లో కాలు పెట్టకముందే హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పని నడుమ సూది గుచ్చుకుంటే తిడతరని దాచిపెట్టకండి. సబ్బుతో కడిగి, రిజిస్టర్‌లో రాయించి, వెంటనే డాక్టరుకు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలె, ఎంత తొందరగా అయితే అంత మంచిది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. గ్రూప్స్ వాయిదా కోసం అశోక్‌నగర్ చౌరస్తాలో కూర్చున్నప్పుడు పక్క గదిలో నైట్ డ్యూటీ చేసి పడుకున్న ఆ పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రైవేటు ఆసుపత్రుల్లో రిజర్వేషన్ లేదు, రోస్టర్ లేదు. అక్కడ మనోళ్ళు ఎందరున్నరో, ఏ మెట్టు మీద ఉన్నరో లెక్క తీయడానికి సర్వే ఫారాలు పట్టుకొని పోయే ఓపిక మనకు ఉండాలె. టెక్నీషియన్లకూ కనీస జీతం సిఫారసు కావాలె. ఆపరేషన్ నోట్స్‌లో సర్జన్, మత్తు డాక్టరు పేర్లతో పాటు స్క్రబ్ నర్సు పేరు, టెక్నీషియన్ పేరు రాయాలె. చెక్‌లిస్టు కేసు అయినంక కాదు, కేసుకు ముందు చదవాలె. ఇవి పెద్ద విప్లవాలేమీ కావు. ఆ కాగితాల్లో ఇప్పటికే ఉన్న గడులను నింపమనడమే.

చివరగా మీ అందరికీ ఒక పని చెప్త. ఈసారి మీ ఇంట్లో ఎవరికన్న ఆపరేషన్ అయితే, బయటకొచ్చిన సర్జన్‌కు దండం పెట్టండి, తప్పకుండా పెట్టండి. పెట్టినంక అడగండి. లోపల లెక్క చూసిన సిస్టర్ పేరేంది, మత్తు మిషన్ కాడ నిలబడ్డ టెక్నీషియన్ పేరేంది? ఇంటిపేరు అక్కర్లేదు, పేరు చాలు. ఆ పేర్లు కింద కామెంట్లలో రాయండి. ఆపరేషన్ అయిన మనిషి పేరు అక్కర్లేదు, ఆసుపత్రి పేరు అక్కర్లేదు. చేయి చేసుకున్నోళ్ళ పేర్లే రాయండి.

వచ్చే భాగంలో 108 అంబులెన్సుల్లో పనిచేసే మన పిల్లల గురించి.

జై భీమ్.